గడువు చీటీ ఖాళీగా ఉన్న ఆత్మకథలు

గాంధీగారి ‘సత్యశోధన’, కలాంగారి ‘ఒక విజేత ఆత్మకథ’, శ్రీశ్రీ ‘అనంతం’, ముళ్ళపూడి ‘కోతికొమ్మచ్చి’ చదివేశాను, ఇక తెలుగులో చదవదగ్గ జీవిత కథలు ఏమున్నాయి, అందరూ చెప్పేవి కాకుండా ఎవరికీ పట్టనివి చెప్పండి అని అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి ఈమధ్యనే పదవీ విరమణ చేశాను. ఈ ప్రశ్న నన్ను అడిగితే ఊరుకోవడం కష్టం. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

గ్రంథాలయాల్లో పుస్తకం చివరి అట్ట లోపల ఒక చీటీ అంటిస్తాం. పుస్తకం ఎప్పుడు తిరిగి ఇవ్వాలో దాని మీద తేదీ ముద్ర వేస్తాం. పాఠకులకు అది గడువు గుర్తుచేసే కాగితం. మాకు మాత్రం ఆ పుస్తకం జాతకం. డిటెక్టివ్ నవలలకు చీటీ మీద చీటీ అంటించాల్సి వచ్చేది. ఆత్మకథల బీరువాలో ఎన్నో పుస్తకాలకు మొదటి చీటీలో రెండో ముద్ర కూడా పడేది కాదు. మధ్యాహ్నం పూట పాఠకులు పలచబడ్డాక ఆ ఖాళీ చీటీల పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదవడం నాకు అలవాటైంది. కింద చెప్పేవి చాలావరకు అలా చదివినవే.

ఎంపికలో నాదొక మొండి పద్ధతి ఉంది. ఆత్మకథ చేతికి రాగానే ముందుమాటలు చదవను. ఎక్కడైనా డబ్బు మాట ఉందేమో చూస్తాను. జీతం ఎంత, ఫీజు ఎవరు కట్టారు, అప్పు ఎవరి దగ్గర చేశారు, ఏ నగ తాకట్టు పెట్టారు. అణా పైసల ఊసే లేకుండా మూడు వందల పేజీలు ఆదర్శాలు మాట్లాడే మనిషి మీద నాకు నమ్మకం కుదరదు. డబ్బు దగ్గర దాపరికం లేనివాళ్ళు మిగతా విషయాల్లోనూ చాలావరకు నిజమే చెబుతారు.

ఉదాహరణకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’. ఇది పేరు తెలియని పుస్తకం కాదు, పేరు తెలిసీ ఎవరూ తెరవని పుస్తకం. మద్రాసులో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా జరిగిన నిరసనలో తుపాకుల ముందు రొమ్ము చూపిన ఘట్టం ఒక్కటి తెలుసుకుంటే చాలనుకుంటాం. మీరు మొదటి భాగం చదవండి. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని పోషించింది. పరీక్ష ఫీజుకు మూడు రూపాయలు కావాలి. కుర్రవాడు అయినవాళ్ళ చుట్టూ తిరిగినా ఆ మూడు రూపాయలు పుట్టలేదు. చివరికి తల్లి తన పట్టుబట్ట తాకట్టు పెట్టి తెచ్చింది. తరువాత ఆయన బారిస్టరై లక్షలు గడించారు, ‘స్వరాజ్య’ పత్రిక కోసం ఆ లక్షలన్నీ పోగొట్టుకున్నారు. రెండూ ఒకే గొంతుతో చెబుతారు. సంపాదించినప్పుడు గర్వం లేదు, పోయినప్పుడు ఏడుపు లేదు. నాటకాల్లో వేషాలు వేసిన రోజులు, చేసిన అల్లరి కూడా దాచలేదు. నాలుగో భాగం ఆయన రాసింది కాదు, తెన్నేటి విశ్వనాథంగారు పూర్తిచేశారు. అందులో రాజకీయం ఎక్కువ, మనిషి తక్కువ. ఓపిక లేకపోతే మొదటి రెండు భాగాలతో ఆపినా నష్టం లేదు.

ఇంకా వెనక్కి వెళదాం. తెలుగువాళ్ళలో మొదట ఆత్మకథ రాసుకున్నది వీరేశలింగం పంతులుగారే అని చాలామంది అనుకుంటారు. తెలుగులో రాసినవాళ్ళ వరకు ఆ మాట చెల్లుతుందేమో. ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన వెన్నెలకంటి సుబ్బారావుగారు అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఇంగ్లీషులో తన కథ రాసుకున్నారు. 1784లో పుట్టి 1839లో పోయిన మనిషి. 1815 నుంచి 1829 వరకు మద్రాసు సదర్ కోర్టులో, అంటే ఈస్టిండియా కుంపిణీ వారి పెద్ద కోర్టులో, అనువాదకుడు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు, 1873లో, కొడుకు ఆ రాతప్రతిని మద్రాసులో అచ్చువేయించారు. అక్కిరాజు రమాపతిరావుగారి తెలుగు అనువాదం ఉంది. చిన్న పుస్తకం, రెండు సాయంత్రాల పని. కుంపిణీ కొలువులో ఒక తెలుగు కుర్రవాడు ఒక్కో భాష నేర్చుకుంటూ ఒక్కో మెట్టు ఎక్కడం, బదిలీలు, దొరల మెప్పు, ఇంట్లో చావులు, పెళ్ళిళ్ళు అన్నీ దాదాపు దినచర్యలా సాగుతాయి. కథ చెప్పే నేర్పు పెద్దగా లేదు. కానీ కాగితాల మనిషి కనుక వివరం వదలడు. మద్రాసు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడిగా 1820లో ఆయన రాసిచ్చిన నివేదిక గుర్తుపెట్టుకోండి. బడుల్లో పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లెవేస్తున్నారని అప్పుడే రాశారు. రెండు వందల ఏళ్ళ నాటి ఫిర్యాదు! మన మనవల బడికి వెళ్ళి చూసినా ఇదే మాట రాయవచ్చు.

దీనితోపాటు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ కూడా పక్కన పెట్టుకోండి. అది ఆత్మకథ కాదు, 1830 మే నెలలో మద్రాసు నుంచి బయలుదేరి కాశీ వెళ్ళివచ్చిన యాత్ర దినచర్య. ఆయనా కోర్టు దుబాసీయే, అంటే అనువాదకుడే. ఒకే ఊళ్ళో, దాదాపు ఒకే కాలంలో, ఒకే తరహా ఉద్యోగం చేసిన ఇద్దరు లోకాన్ని ఎంత వేరుగా చూశారో తెలుస్తుంది.

మద్రాసు మాట వచ్చింది కనుక కె.ఎన్. కేసరిగారి ‘చిన్ననాటి ముచ్చట్లు’ గురించి కూడా ఇక్కడే చెబుతాను. ఇది నాకు చాలా ఇష్టమైన పుస్తకం. ‘లోధ్ర’ మందు పేరు మీ అమ్మమ్మలు విని ఉంటారు. ఆ మందు తయారుచేసిన కేసరి కుటీరం ఆయనదే. ఆడవాళ్ళ కోసం 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టిందీ, రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగే సంప్రదాయం మొదలుపెట్టిందీ ఆయనే. 1934లో మొదటి కంకణం కనుపర్తి వరలక్ష్మమ్మగారికి ఇచ్చారు. ఇంత చేసిన మనిషి ఆత్మకథ అంటే ‘నేను, నా విజయాలు’ అని ఉంటుందనుకుంటాం. ఆయన మాత్రం పెద్దయ్యాక సాధించినవి పక్కకు నెట్టి, ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరులో పేదరికంలో గడిచిన బాల్యం, చేతిలో ఏమీ లేకుండా పట్నం చేరిన కుర్రతనం, ఇంకా కరెంటు దీపాలు ఎరగని చెన్నపట్నం గురించి మురిపెంగా చెబుతారు. పేరుకు తగ్గట్టు ముచ్చట్లే. తాతగారు వీధి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. వ్యాపారం చేసినవాడు కనుక ఏ వస్తువు ఎంతకు వచ్చేదో చెప్పకుండా ముందుకు కదలడు. నా మొండి పద్ధతికి ఇంతకంటే ఏం కావాలి!

దరిశి చెంచయ్యగారి ‘నేనూ నా దేశం’ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఏటా చినిగిపోయిన పుస్తకాల జాబితా తయారుచేసి, పై అధికారుల అనుమతితో తొలగిస్తాం. చాలా ఏళ్ళ క్రితం అట్ట ఊడి, మొదటి పేజీలు పోయి, చీటీలో ఒక్క ముద్రే ఉన్న ఒక ప్రతిని ఆ జాబితాలో రాసేశాను. పాత కాగితాల వ్యాపారి తూకం వేసి తీసుకువెళ్ళాడు. కొన్నేళ్ళ తరువాత గదర్ పార్టీ మీద పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వచ్చి, తెలుగువాళ్ళు ఎవరైనా అందులో ఉన్నారా అని అడిగింది. నాకు ఆ అట్టలేని పుస్తకం కళ్ళముందు మెదిలింది. ఆ పుస్తకం కోసం జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రెండుసార్లు తిరిగాను. చివరికి ఆ అమ్మాయి చదివిన తరువాతే నేనూ చదివాను.

కనిగిరిలో 1890లో పుట్టిన చెంచయ్యగారు చదువు కోసం అమెరికా వెళ్ళారు. కాలిఫోర్నియాలో అప్పుడు పొలాల్లో, రంపపు మిల్లుల్లో పనిచేస్తున్న పంజాబీ కూలీలు, కొందరు విద్యార్థులు కలిసి 1913లో గదర్ పార్టీ పెట్టారు. యుద్ధం వస్తే బ్రిటిషువాళ్ళ మీద తిరుగుబాటు లేవదీయాలన్నది వాళ్ళ ఆలోచన. అందులో చేరిన అతికొద్దిమంది తెలుగువాళ్ళలో ఈయన ఒకరు. బర్మా వైపు నుంచి దెబ్బతీయాలని సయాం (నేటి థాయిలాండ్) దాకా వచ్చి అక్కడ పట్టుబడి ఏళ్ళ తరబడి జైళ్ళలో మగ్గారు. విడుదలయ్యాక మద్రాసులో సంఘసంస్కరణలో దిగారు. పుస్తకం 1952లో వచ్చింది. ఈ కథను ఎవరైనా సినిమా కథలా ఉబ్బించి రాస్తారు. చెంచయ్యగారు మాత్రం వ్యవసాయ శాస్త్రం చదివినవాడిలా నింపాదిగా, ఇది జరిగింది, అందువల్ల అది జరిగింది అని చెప్పుకుపోతారు. తిరుగుబాటు ఎందుకు విఫలమైందో చెప్పేటప్పుడు తమవాళ్ళ తొందరపాటును కూడా దాచరు. తెలుగునాట విప్లవం అనగానే అల్లూరితో మొదలుపెడతాం. ఆయన మన్యంలో తిరుగుబాటు చేయడానికి ఎన్నో ఏళ్ళ ముందే మన కనిగిరి మనిషి పసిఫిక్ సముద్రానికి అవతల తుపాకీ మాట మాట్లాడాడు.

‘పింజారి’ దగ్గర కాసేపు ఆగుతాను. ఈ మాటను మన ఊళ్ళలో ఇప్పటికీ తిట్టుగా వాడుతున్నారు. నిజానికి అది దూది ఏకి పరుపులు కుట్టే ముస్లిం వృత్తికులం పేరు. బుర్రకథ నాజర్ గారు ఆ తిట్టునే తీసుకుని తన జీవిత కథకు పేరుగా పెట్టుకున్నారు. ఆయన చెబుతుంటే అంగడాల వెంకట రమణమూర్తిగారు రాశారు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన నాజర్ గారు సంగీతం కోసం గురువుల ఇళ్ళలో చాకిరీ చేశారు, నాటకాల్లో ఆడవేషాలు వేశారు, పొట్టకూటికి కుట్టుమిషను తొక్కారు. ఆ తరువాత జంగాల చేతిలో ఉన్న కథాప్రక్రియను పట్టుకుని బుర్రకథగా మలిచినవాళ్ళలో ముందు నిలిచారు.

బుర్రకథ ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెబుతాను. మధ్యలో కథకుడు ఉంటాడు. భుజాన తంబుర, వేళ్ళకు అందెలు, కాళ్ళకు గజ్జెలు. అటూ ఇటూ గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం పట్టిస్తే, ఇంకొకరు కథలోంచి నేటి రాజకీయంలోకి లాగుతారు. ‘తందాన తాన’ అంటూ ముగ్గురూ ఒక్క ఊపున అడుగు ముందుకు వేసి వెనక్కి వస్తే, పదివేలమంది కూర్చున్న పొలం కూడా కదిలినట్టు ఉండేదట. కమ్యూనిస్టుల కళాసంస్థ ప్రజానాట్యమండలి రోజుల్లో పల్నాటి యుద్ధం, అల్లూరి కథలతో ఆ దళం తిరిగిన ఊళ్ళు, పోలీసులు, నిషేధాలు ఒక వైపు. దేశమంతా తెలిసిన కళాకారుడు ఇంటికి వస్తే పొయ్యి మీద ఏమీ లేకపోవడం ఇంకో వైపు. 1986లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ కంటే ముందు రావాల్సినవి ఏవేవి రాలేదో ఈ పుస్తకం చదివితే తెలుస్తుంది.

మా గ్రంథాలయానికి ఒక వయసు మళ్ళిన దర్జీ వచ్చేవాడు. దినపత్రిక తప్ప ఏదీ చదివేవాడు కాదు. ఒకరోజు బల్ల మీద ఉన్న ‘పింజారి’ చూసి, ఈ కథకుణ్ణి చిన్నప్పుడు తిరునాళ్ళలో చూశానని చెప్పి పట్టుకెళ్ళాడు. మూడుసార్లు గడువు పొడిగించాడు. తిరిగి ఇచ్చేటప్పుడు, ఈయన కూడా మిషను తొక్కినవాడేనండీ అని మాత్రం అన్నాడు. ఆ చీటీ మీద నాలుగు ముద్రలు వరుసగా ఆ ఒక్క పాఠకుడివే.

రంగస్థలం మీద ఇష్టం ఉంటే స్థానం నరసింహారావుగారి ‘నటస్థానం’ కూడా చదవండి. సత్యభామగా వేదిక ఎక్కితే ఆడవాళ్ళే ఆయన చీరకట్టు చూసి నేర్చుకునేవారని చెప్పుకుంటారు. తన వేషాలను ఆయన ఒక్కొక్కటిగా విప్పి, ఎలా కట్టుకున్నదీ ఎలా నడిచిందీ చెబుతారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెరుక’ ఇంకో రకం. జీవితమంతా కాదు, తొలి భాగమే. అంత పెద్ద పండితుడు తన సరసాలను అంత నిస్సంకోచంగా రాశారంటే మొదటిసారి చదివినప్పుడు నేను నోరెళ్ళబెట్టాను.

ఇక ఆడవాళ్ళ పుస్తకాలు. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ‘నిర్జన వారధి’ 2012లో వచ్చి బాగా పేరు తెచ్చుకుంది. మీరు చదివే ఉంటారనుకుంటాను. లేకపోతే ఈ సమాధానం ఇక్కడ ఆపి ముందు అది చదవండి. బాల్యంలోనే వితంతువు కావడం, పునర్వివాహం, ఉద్యమానికి ఒంటి మీది నగలు ఇచ్చేయడం, భర్త వదిలివెళ్ళడం, నడివయసులో మళ్ళీ పలక పట్టినట్టు చదువుకుని హాస్టలు మేట్రనుగా బతకడం, కొడుకునూ కూతురునూ పోగొట్టుకోవడం. తొంభై ఏళ్ళు దాటాక రాశారు. ఒక్క చోట కూడా గొంతు పెంచలేదు.

దాని వెలుగులో మరుగునపడినది పొణకా కనకమ్మగారి ‘కనకపుష్యరాగం’. కనకమ్మగారు 1963లో పోయారు. రాతప్రతి దాదాపు అర్ధశతాబ్దం అలాగే ఉండిపోయి, కాళిదాసు పురుషోత్తంగారి చొరవతో 2011లో అచ్చయింది. నెల్లూరు జిల్లా సంపన్న రెడ్ల ఇంటి బిడ్డ. చిన్నతనంలోనే మేనమామతో పెళ్ళి. బడి చదువు లేదు. అన్నీ ఇంట్లో సొంతంగా నేర్చుకుని ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మగారితో కలిసి జంటగా కవిత్వం చెప్పారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. 1921లో గాంధీగారు ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం వెనుక, ‘జమీన్ రైతు’ పత్రిక పుట్టుక వెనుక ఆమె చేయి ఉంది. ఉప్పు సత్యాగ్రహంలో రాయవేలూరు జైలుకు వెళ్ళారు. ఈ జాబితా ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. దొరకనిది ఏమిటంటే ఆస్తి ఎలా కరిగిపోయిందన్నది. దేశసేవ అని మనం ఒక్కమాటలో అనేది ఒక ఇంట్లో ఎన్ని నగలు, ఎన్ని ఎకరాలు, ఎంతమంది బంధువుల మాటలు అన్నది ఆమె రాసుకున్నారు. సొంతవాళ్ళ మీద కోపం కూడా ఉంది. కొన్ని పేర్ల దగ్గర కలం బాగా పదునెక్కుతుంది. ఆ కోపాన్ని కత్తిరించకుండా అచ్చువేసినందుకు సంపాదకులకు దండం పెట్టాలి. మన దగ్గర పెద్దల రాతల్ని వారసులు ‘శుభ్రం’ చేసి అచ్చువేయడం మామూలు.

ఆత్మకథ రాసే తీరిక, చదువు లేనివాళ్ళ సంగతి ఏమిటి? ‘మనకు తెలియని మన చరిత్ర’ దానికి జవాబు. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీల బృందం తెచ్చిన పుస్తకం ఇది. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు ఎక్కించారు. దళాల్లో తిరిగినవాళ్ళు, అన్నం మూటలు మోసినవాళ్ళు, బిడ్డను ఎవరికో ఇచ్చి అడవిలోకి వెళ్ళినవాళ్ళు మాట్లాడతారు. పోరాటం ముగిశాక మళ్ళీ వంటింట్లోకి వెళ్ళమన్నప్పుడు ఎలా అనిపించిందని అడిగితే వాళ్ళు ఇచ్చిన జవాబులు వినండి. నాయకులు రాసిన ఉద్యమ చరిత్రలు ఎన్నో చదివాను. ఆ ప్రశ్న వాటిలో ఎక్కడా కనబడలేదు.

మీరు ఆత్మకథలే కాక ఇతరులు రాసిన జీవిత చరిత్రలు కూడా అడిగారు. వాటిలో ఒక్కటే గట్టిగా చెబుతాను, అది బండారు అచ్చమాంబగారి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. ఈమె చరిత్రకారులు కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క. బడికి వెళ్ళలేదు, పెళ్ళయ్యాక తమ్ముడి చదువు పక్కన కూర్చుని తానూ నేర్చుకున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న దుఃఖంలోనే పుస్తకాలు సేకరించి, ఆడవాళ్ళకు తెలివి లేదనేవాళ్ళకు జవాబుగా చరిత్రలోని స్త్రీల జీవితాలు వరుసగా రాశారు. మొదటి సంపుటం 1901 నాటిది. 1905లో, ముప్పై ఏళ్ళు నిండీ నిండకముందే ఆమె చనిపోయారు. భాష గ్రాంథికం, మొదటి పది పేజీలు కాస్త కష్టపడాలి. ఆమె వాదన పట్టుబడ్డాక ఆ కష్టం తెలియదు.

భాష కోసమే చదవాల్సింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. ఆయన కథలు అందరూ చదువుతారు, ఇది చదవరు. పొలమూరులో వేదం, శాస్త్రం తప్ప తెలుగు కవిత్వాన్ని లెక్కలోకి తీసుకోని ఇంట్లో పుట్టిన కుర్రవాడు దొంగచాటుగా తెలుగు పుస్తకాలు చదివి చెడిపోయిన కథ ఇది. ‘చెడిపోయిన’ అన్నది ఆ ఇంటి పెద్దల దృష్టిలో. తండ్రికీ కొడుక్కీ మధ్య జరిగే ఆ నిశ్శబ్ద యుద్ధాన్ని ఆయన గోదావరి జిల్లా ఇళ్ళలో పలికే తెలుగులో, ఒక్క పొల్లు కూడా పోకుండా పట్టుకున్నారు. ఎవరినీ దుర్మార్గుణ్ణి చేయలేదు. నిదానంగా చదవాల్సిన పుస్తకం. రోజుకు పది పేజీలు చాలు.

పండితుల కథల్లో తిరుమల రామచంద్రగారి ‘హంపీ నుంచి హరప్పా దాక’ మీద కూడా చేయి వేయండి. 2001లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినా బీరువాలోంచి పెద్దగా కదలలేదు. పాత తాళపత్రాల వెంట, బతుకుతెరువు వెంట దక్షిణం నుంచి లాహోరు దాకా వెళ్ళిన మనిషి. అక్కడక్కడ పేర్లు ఎక్కువై ఊపిరాడదు, ఆ పేజీలు తిప్పేయండి.

చివరిగా అనువాదాల్లో రెండు. వై.బి. సత్యనారాయణగారు 2011లో ఇంగ్లీషులో రాసిన పుస్తకం తెలుగులో ‘మా నాయన బాలయ్య’గా దొరుకుతుంది. తెలంగాణ మాదిగ కుటుంబం మూడు తరాల కథ. మొదటి దృశ్యమే ఒక పట్టాన వదలదు. చనిపోయిన భార్యను భుజాన వేసుకుని ఒక మనిషి నడుస్తుంటాడు, వెనకాల పసివాడు. మోయడానికి ఇంకెవరూ రారు. ఆ కుటుంబంలో ఒక పెద్దాయన కుట్టిన మెత్తటి చెప్పుల జతకు మురిసి నిజాం యాభై ఎకరాలు ఇచ్చాడట. ఊరి దొర నలభై ఎనిమిది తీసుకుని రెండు ఎకరాలు వదిలాడు. పైన నా మొండి పద్ధతి చెప్పాను కదా, ఈ ఒక్క లెక్క ఎన్నో చరిత్ర పుస్తకాల కంటే ఎక్కువ చెబుతుంది. భూమి పోయింది, ఊరు వదిలారు, రైల్వేలో కొలువు దొరికింది. రైల్వే క్వార్టర్లో ఉంటూ పాయింట్లు మార్చే ఉద్యోగం చేసిన బాలయ్య, పిల్లలు చదవాలని పట్టుబట్టాడు. ఆ తండ్రి మంచివాడు మాత్రమే కాదు, కఠినుడు కూడా. పెద్దవాడైన కొడుకు ఆ కాఠిన్యాన్ని దాచకుండానే ప్రేమించాడు. రెండోది రేవతిగారి ‘ఒక హిజ్రా ఆత్మకథ’. పి. సత్యవతిగారి అనువాదానికి అకాడమీ అనువాద బహుమతి వచ్చింది. పేరు చూసి పుస్తకాన్ని పేపరు చుట్టి తీసుకెళ్ళినవాళ్ళున్నారు మా దగ్గర. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం చుట్టకుండానే ఇచ్చారు.

ఏవి వద్దో కూడా చెప్పమంటే, మంత్రులుగా చేసినవాళ్ళ సన్మాన సంచికలు, ‘నేను అప్పుడే హెచ్చరించాను’ అనే మాట ప్రతి అధ్యాయంలో వచ్చే రాజకీయ ఆత్మకథలు. అవి మా గ్రంథాలయానికి ఉచితంగా, పది పది ప్రతులు వచ్చేవి. చీటీల మీద ముద్ర పడకపోవడానికి అక్కడ కారణం వేరు.

దొరికే చోట్లు. ‘చిన్ననాటి ముచ్చట్లు’, ‘నా జీవిత యాత్ర’ తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా, అక్షరం స్పష్టంగా చదువుకోవచ్చు. పాత ముద్రణలు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్ చేసి పెట్టారు. అయితే దించుకోగానే చదవడం మొదలుపెట్టకండి, ముందు పేజీ అంకెలు వరుసగా ఉన్నాయో లేదో చూడండి. మధ్యలో ఎనిమిదేసి పేజీలు ఎగిరిపోయిన స్కాన్లు ఎన్నో చూశాను. ‘నిర్జన వారధి’, ‘మా నాయన బాలయ్య’ లాంటివి హైదరాబాద్ బుక్ ట్రస్టు దగ్గర అడగండి. ఎక్కడా దొరకనివాటికి వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం. వెళ్ళేముందు పుస్తకం పేరు, రచయిత పేరు చీటీ మీద రాసుకుని వెళ్ళండి, లోపలికి వెళ్ళి వెతికి తెచ్చేవాళ్ళకు సులువవుతుంది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూడా ఒకసారి చూడండి. చెంచయ్యగారి పుస్తకం అట్టతో సహా అక్కడ కనబడితే బేరమాడకుండా కొనేసి నాకొక మాట చెప్పండి.